ఉపాధ్యాయుడు సయ్యద్ అబ్దుల్ రహీముగారు

క్రీడారంగమున కీర్తి గడించినవారిలో పెక్కుమంది తమ కాళ్ళ నేర్పుచే గడించిరి. ఇతరుల కాళ్ళకు నేర్పు గఱపి శాశ్వతమైన పేరు పొందినవారు కొలదిమందియే. అట్టివారిలో హైదరాబాదు నగరవాసియైన సయ్యద్ అబ్దుల్ రహీముగారు అగ్రగణ్యులు. మన కోహీరునకు సుమారు నూరు కిలోమీటర్ల దూరముననున్న ఆ నగరమున వారు బడిపంతులుగా జీవితము నారంభించిరి. భారతదేశపు ఫుట్‌బాలు జట్టును రెండుమారులు ఆసియా క్రీడలలో ప్రథమస్థానమునకును, ఒకమారు ఒలింపిక్ క్రీడలలో నాల్గవ స్థానమునకును గొనిపోయిరి. వారి చరిత్రమును మా విద్యార్థులును, వారి తల్లిదండ్రులును తెలిసికొనదగియున్నదని తలంచి సంగ్రహముగా నిచ్చట వ్రాయుచున్నాము.

రహీముగారు 1909వ సంవత్సరము ఆగస్టు 17వ తేదీన హైదరాబాదునందు జన్మించిరి. అది నిజాము ప్రభువుల పాలనాకాలము. ఉస్మానియా విశ్వవిద్యాలయమున విద్యనభ్యసించుచు అచ్చటి ఫుట్‌బాలు జట్టులో ఆడి పేరు తెచ్చుకొనిరి. పిమ్మట నగరపు పోటీలలో మేటిగా నెన్నబడుచుండిన కమర్ క్లబ్బు పక్షమున ఆడిరి. అయితే ఆ దినములలో ఆటగానికి ప్రేక్షకుల మెప్పే కాని జీవనాధారము దొరకుట లేదు. కావున వారు ఉపాధ్యాయవృత్తి నవలంబించిరి. కాచిగూడ మాధ్యమిక పాఠశాలయందును, ఉర్దూ షరీఫ్ పాఠశాలయందును, దారుల్ ఉలూమ్, చాదర్‌ఘాట్ ఉన్నత పాఠశాలలయందును పనిచేసిరి. నడుమ వ్యాయామవిద్యలో డిప్లొమా పొంది, బాలుర ఆటల బాధ్యతను గూడ స్వీకరించిరి. వారి జీవితమునకు మలుపు ఇదియే. బంతిని తన్నుట మానలేని యువకుడు బంతిని తన్నించు గురువైనది ఆ బడి ఆవరణములలోనే.

1940వ దశకపు తొలిభాగమున వారు హైదరాబాదు ఫుట్‌బాలు సంఘమునకు కార్యదర్శులైరి. కార్యదర్శి పదవియనగా పలువురు ఉత్తరప్రత్యుత్తరములతోను, పోటీల తేదీలతోను సరిపెట్టుకొందురు. రహీముగారట్లు చేయలేదు. మన బాలుర ఆటలోని లోపము లేవియో ఉపాధ్యాయుని చూపుతో పరీక్షించి, ఒక్కొక్క లోపమునకు ఒక్కొక్క పాఠము కల్పించిరి. ఈ పాఠములను కొంత వివరముగా చెప్పుట యుక్తమని తోచుచున్నది.

మొదటి లోపము, ఒంటికాలి ఆట. సాధారణముగా బాలుడు తనకు వాటమైన కాలితోనే బంతిని తన్నును. రెండవకాలు నిలుచుటకే గాని ఆటకు పనికిరాదు. ఎదుటివాడు ఈ సంగతి కనిపెట్టినచో అతనిని అడ్డగించుట మిక్కిలి సులభము. దీనికి విరుగుడుగా రహీముగారు వాటము లేని కాలితోనే ఆడవలసిన ప్రత్యేకమైన పోటీలు ఏర్పాటు చేసిరి. తొలుత బాలురు తడబడుచుండిరి, చూచువారు నవ్వుచుండిరి. కాని కొంతకాలమునకు ఆ బాలురకు రెండుకాళ్ళును సమానముగా లొంగెను.

రెండవ లోపము, బంతిని విడువకుండుట. ఒకడే బంతిని కాళ్ళ నడుమ ఆడించుచు నలుగురిని దాటిపోయినచో ప్రేక్షకులు చప్పట్లు కొట్టుదురు. కాని అంతసేపును అతని తోడివారు పదిమంది ప్రేక్షకులే యగుదురు. మనుష్యుడెంత వేగముగా పరుగెత్తినను బంతితో సమముగా పరుగెత్తజాలడు. అందుచే బంతిని దొర్లించుకొనిపోవుటను నిషేధించి, అందినవెంటనే తోడివాని కందించవలయునను నియమముతో మఱికొన్ని పోటీలు జరిపించిరి. హైదరాబాదు ఆటగాండ్రకు చురుకుగా బంతి నందించు వారను పేరు వచ్చుటకు ఇదియొక ముఖ్యకారణము.

1950వ సంవత్సరమున వారు హైదరాబాదు నగర పోలీసు జట్టునకు శిక్షకులై, మరణపర్యంతము ఆ పని నిర్వహించిరి. ఫలితము వెంటనే కనబడెను. బొంబాయిలో జరుగు రోవర్స్ కప్పును ఆ జట్టు 1950 మొదలు 1954 వఱకు వరుసగా అయిదు సంవత్సరములు గెలిచెను. ప్రసిద్ధమైన డ్యూరాండ్ కప్పును సైతము 1950లో మొదటిసారిగా గెలుచుకొనెను. కలకత్తా జట్లే దేశమున కెల్ల పెద్దవని తలంచుచుండిన ఆ దినములలో దక్కనునుండి వచ్చిన పోలీసు జవానులు వాటి నోడించుట దేశమంతటను వింతగా చెప్పుకొనబడెను. తరువాత జాతీయపోటీయైన సంతోష్ ట్రోఫీని గూడ హైదరాబాదు జట్టు వరుసగా రెండుమారులు గెలిచెను.

ఇంతలో దేశపు జట్టును తీర్చిదిద్దు భారము వారిపై పడెను. 1951 మార్చిలో న్యూఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడలలో భారతజట్టు తుదిపోటీయందు ఇరానును ఒక గోలుతో ఓడించి స్వర్ణపతకము పొందెను. అయితే ఆ మరుసటి సంవత్సరమే హెల్సింకీ ఒలింపిక్ క్రీడలలో యుగోస్లావియా చేతిలో మనవారు 10-1 గోలులతో ఘోరముగా ఓడిపోయిరి. మన ఆటగాండ్రలో పెక్కురు నాటికిని వట్టికాళ్ళతోనే ఆడుచుండిరి. ఆ చలిదేశపు తడినేలపై బూట్లు లేని పాదములు నిలువలేకపోయెను. ఈ ఓటమి తరువాత అంతర్జాతీయపోటీలలో బూట్లు ధరించుట తప్పనిసరియయ్యెను. రక్షణపంక్తిలో ఇద్దరినే నిలుపు పాతపద్ధతి గూడ విడువబడి మూడవవాడు చేర్చబడెను. 1958లో బ్రెజిలు జట్టు ప్రపంచవిజయముచే లోకవిఖ్యాతమైన నాలుగు-రెండు-నాలుగు అమరికను ఇంచుమించు ఆ కాలముననే రహీముగారు మనవారికి అలవఱచిరి. ఓటమిని చూచి నిరాశపడక, దానియందు పాఠమును వెదకుట వారి స్వభావము.

ఆ పాఠము మెల్‌బోర్నులో ఫలించెను. 1956 ఒలింపిక్ క్రీడలలో మనవారు ఆతిథ్యదేశమైన ఆస్ట్రేలియాను 4-2 గోలులతో ఓడించిరి. అందు మూడు గోలులు నెవిల్ డిసౌజా చేసినవి. ఈ విజయముతో ఒలింపిక్ ఫుట్‌బాలున సెమీఫైనలు చేరిన మొదటి ఆసియాదేశముగా భారతము నిలిచెను. పిమ్మట యుగోస్లావియా, బల్గేరియా జట్లచే ఓడి నాల్గవ స్థానముతో తృప్తిపడెను. ఆ జట్టునందు హైదరాబాదీలు పలువురుండిరి. వారిలో సికిందరాబాదు చెంత అమ్ముగూడకు చెందిన తులసీదాస్ బలరాం ఒకడు. పేదయింటి పిల్లవాడైన ఆ బలరాముని ఆటను రహీముగారే గుర్తించి, నగరమునకు వచ్చిపోవు ఖర్చు తామే యిచ్చి అభ్యాసమునకు రప్పించుకొనిరి. 1960 రోము ఒలింపిక్ క్రీడలలో హంగరీపై, పెరూపై గోలు చేసినవాడు ఆ బలరామే. ఆ రోము జట్టులో రహీముగారి కుమారుడు సయ్యద్ షాహిద్ హకీముగారును ఉండిరి. కాని ఒక్క ఆటయందైనను మైదానమున దిగు అవకాశము వారికి లభింపలేదు. తండ్రి శిక్షకుడగుట కుమారునకు అర్హత కాలేదు.

1962 నాటికి రహీముగారి ఆరోగ్యము చెడెను. ఊపిరితిత్తులయందు క్యాన్సరు వ్యాధి ప్రవేశించెను. అయినను జకార్తాలో జరిగిన నాల్గవ ఆసియా క్రీడలకు జట్టుతో వెళ్ళిరి. మొదటి ఆటయందే దక్షిణకొరియా చేతిలో 2-0 గోలులతో ఓటమి కలిగెను. తరువాత థాయిలాండుపైనను, జపానుపైనను గెలిచిరి గాని, రక్షకుడైన జర్నైల్ సింగ్ తలకు బలమైన గాయమై కుట్లు పడెను. గోలుకీపరు పీటర్ తంగరాజు జ్వరపీడితుడయ్యెను. దీనికి తోడు, ఇజ్రాయెలు, తైవాను దేశములను ఆ క్రీడలకు రానీయకపోవుటను భారతదేశపు క్రీడాప్రముఖు డొకరు ఆక్షేపించినందున ఆ నగరప్రజలు మనవారిపై ఆగ్రహముతోనుండిరి.

అట్టి సమయమున రహీముగారు చేసిన నిర్ణయము చూచువారికి సాహసముగా తోచెను. తలకు కట్టుతోనున్న జర్నైల్ సింగును రక్షణపంక్తి నుండి తప్పించి, ముందువరుసలో నడుమ నిలిపిరి. అతడు పూర్వము ముందువరుసలో ఆడినవాడని వారికి తెలియును. గాయపడిన తలతో రక్షకుని పని చేయజాలనివాడు ముందు నిలిచి గోలు చేయగలడని గ్రహించిరి. సెమీఫైనలులో దక్షిణవియత్నాముపై 3-2 గోలులతో గెలుపు దొరకెను. సెప్టెంబరు 4వ తేదీన తుదిపోటీ. ఎదుటి జట్టు తొలినాడు మనల నోడించిన దక్షిణకొరియాయే. లక్షమందితో క్రిక్కిరిసిన క్రీడాస్థలమున ఇంచుమించు అందఱును మనకు ప్రతికూలురే. జ్వరమునుండి లేచిన తంగరాజును రహీముగారు గోలుముందు నిలిపిరి. మొదటి ఇరువది నిమిషములలోనే పి. కె. బెనర్జీ ఒక గోలును, జర్నైల్ సింగ్ మఱియొక గోలును చేసిరి. ఆట ముగియవచ్చుచుండగా కొరియావారొక గోలు చేసిరి గాని, 2-1 గోలులతో స్వర్ణపతకము భారతదేశమునకు దక్కెను.

పదినెలలైనను గడువకమునుపే, 1963 జూన్ 11వ తేదీన, రహీముగారు హైదరాబాదునందు కీర్తిశేషులైరి. అప్పటికి వారి వయస్సు 53 సంవత్సరములు. వారు తయారుచేసిన ఆటగాండ్రు మఱికొన్ని సంవత్సరములు దేశమునకు పేరు తెచ్చిరి. 1970లో బాంకాకునందు హైదరాబాదీయైన సయ్యద్ నయీముద్దీను నాయకత్వమున కాంస్యపతకము లభించెను. కాని ఆసియా క్రీడలలో ఫుట్‌బాలు స్వర్ణపతకము జకార్తా తరువాత మరల భారతదేశమునకు రాలేదు. దీనినిబట్టి ఆలోచింపగా, పతకములకంటె గురువు విలువైనవాడని తేటపడుచున్నది. గెలిచిన జట్టునకు బహుమతు లిచ్చుట సులభము. బడి ఆవరణములలో, వీధులలో ఆడు బాలుర తప్పులు ఓపికతో దిద్దువారిని నిలుపుకొనుట కష్టము. నగరము ఆటగాండ్ర పేర్లు జ్ఞాపకముంచుకొని, వారిని తీర్చిదిద్దిన పాఠములను మఱచెను. 2024లో విడుదలయైన మైదాన్ అను హిందీ చలనచిత్రము వారి కథను క్రొత్త తరమునకు పరిచయము చేసెను.

విద్యార్థులారా! రహీముగారు మీ వంటి బాలురను చూచియే తమ విద్యను నేర్చుకొనిరి. మీలో ప్రతివానికి వాటమైన కాలొకటి, వాటము లేని కాలొకటి కలదు. ఆటలోనే కాదు, లెక్కలందును భాషలందును అట్లే యుండును. వాటమైనదానితోనే చప్పట్లు సంపాదించుట ఎల్లరకు ఇష్టము. వాటము లేనిదానిని నలుగురు నవ్వుచున్నను సాధనచేయుటయే విద్య. తల్లిదండ్రులకును, తోడి ఉపాధ్యాయులకును మేము మనవి చేయునది ఒక్కటే: సాయంకాలము మైదానమున బాలుడు గడపు గంటను వ్యర్థకాలముగా నెంచవలదు. దానిని పాఠముగా మార్చగల గురువు దగ్గఱనున్నచో, ఆ గంట పుస్తకము ముందరి గంటకు తీసిపోదు.