విశేషణంగా నిలిచిన పేరు

నామవాచకపు గుణాన్ని తెలిపే పదాన్ని తెలుగులో విశేషణమనీ, ఉర్దూలో సిఫత్ అనీ అంటాము. విజ్ఞాన ప్రపంచంలో కొందరు మహనీయుల పేర్లే విశేషణాలైనాయి. పాశ్చరైజ్డ్ పాలు లూయీ పాశ్చర్‌ను, గాల్వనైజ్డ్ రేకు లూయీజీ గాల్వానీని స్మరింపజేస్తాయి. జీవరసాయన శాస్త్ర గ్రంథాలలో కనిపించే ఫిస్కే-సుబ్బారో పద్ధతి అనే మాటలో అట్లు విశేషణమై నిలిచినది ఒక తెలుగువాని పేరు.

యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. పేదరికం వెన్నాడింది. మెట్రిక్యులేషన్ మూడవ ప్రయత్నంలో గాని సిద్ధించలేదు. అన్న పురుషోత్తం స్ప్రూ అనే జీర్ణకోశ వ్యాధికి బలియైనారు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు ధరించి ఆచార్యుని ఆగ్రహానికి గురియై, ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టంతోనే తృప్తిపడవలసి వచ్చింది.

పిదప అమెరికా చేరి, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి కృషి చేశారు. దేహద్రవాలలో, కణజాలాలలో ఫాస్ఫరస్ ఎంత ఉన్నదో కొలిచే పద్ధతిని వారు 1925లో ప్రకటించారు. ఆమ్లయుతమైన నమూనాకు మాలిబ్డేట్‌ను చేర్చి క్షయకరణం చేస్తే నీలివర్ణం ఉదయిస్తుంది. ఆ వర్ణపు గాఢతయే ఫాస్ఫరస్ పరిమాణాన్ని తెలుపుతుంది. ఈ కొలమానం చేతనుండుట వలననే కండరాలలోని ఫాస్ఫోక్రియాటిన్‌ను, జీవకణానికి శక్తినిచ్చే ఏ.టి.పి.ని వారు గుర్తించగలిగారు.

1940లో సుబ్బారావు లెడర్లీ పరిశోధనశాలలో చేరారు. వారి నేతృత్వంలో ఫోలిక్ ఆమ్ల సంశ్లేషణ, బోదవ్యాధికి డైఇథైల్ కార్బమజీన్, బాలల రక్తక్యాన్సరుపై ప్రయోగింపబడిన అమినోప్టెరిన్ సిద్ధించాయి. అన్నను హరించిన స్ప్రూ వ్యాధి చికిత్సలో ఆ ఫోలిక్ ఆమ్లమే ఉపకరించడం ఆయన జీవితంలోని హృదయంగమమైన ఘట్టం.

1948 ఆగస్టులో, 53వ ఏట, వారు న్యూయార్కులో కన్నుమూశారు. కీర్తిని కాంక్షించని ఆయన పేరును 1953లో ఒక శిలీంధ్ర ప్రజాతికి సుబ్బారోమైసిస్ అని పెట్టారు.

విశేషణం వస్తువు గుణాన్ని చెబుతుంది. ఈ విశేషణం మాత్రం ఒక మనిషి గుణాన్ని కూడా చెబుతున్నది. అపజయానికి తలవంచక, కంటికి కనిపించని దానిని ఓర్పుతో కొలిచిన గుణమది. ఓబులదేవరచెరువు వంటి చిన్న ఊరిలో పరీక్ష తప్పి దిగులుపడే విద్యార్థికి ఇంతకంటె గొప్ప ధైర్యవచనం ఏమున్నది?