ప్రతిపక్ష నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య

శాసనసభలో అధికారము వహించువారి పేరులు ఎల్లరకును తెలియును. వారికెదురుగా కూర్చుండి, ప్రశ్నించి, లోపములనెత్తి చూపువారి శ్రమ అంతగా తెలియదు. అట్టి స్థానమునకు గౌరవము తెచ్చిన ఆంధ్రులలో సుందరయ్యగారొకరు.

ఆయన 1913వ సంవత్సరము మే 1వ తేదీన నెల్లూరు జిల్లా అలగానిపాడున సంపన్నులగు భూస్వాముల యింట జన్మించెను. తల్లిదండ్రులు పెట్టిన పేరు సుందరరామిరెడ్డి. అందలి కులసూచకమును పిమ్మట ఆయనయే విడిచెను. మదరాసు లయోలా కళాశాలలో చదువుచుండగా 1930లో ఉప్పు సత్యాగ్రహము ప్రారంభమయ్యెను. పదునేడేండ్ల ఆ విద్యార్థి చదువు మాని అందు చేరి, నిర్బంధింపబడి, బాలనేరస్థులనుంచు బోర్‌స్టల్ పాఠశాలకు పంపబడెను. విడుదలయైన పిమ్మట స్వగ్రామమున వ్యవసాయకూలీలను సంఘముగా కూర్చెను. దక్షిణదేశమున కమ్యూనిస్టు పార్టీని నిర్మించినవారిలో ముఖ్యుడయ్యెను. తన వంతు ఆస్తిని పార్టీకిచ్చివేసెను. 1943లో లీలగారిని వివాహమాడెను. ప్రజాసేవకు ఆటంకము కలుగరాదని ఆ దంపతులు సంతానము వలదనుకొనిరి.

తెలంగాణ సాయుధ పోరాటకాలమున ఆయన అజ్ఞాతవాసము చేసెను. ఆ పోరాటమును గూర్చి నేటికిని భిన్నాభిప్రాయములు గలవు. 1951లో అది విరమింపబడెను. ఇక పోరు సభామందిరమున, మాటతో సాగవలసియుండెను. 1952లో ఆయన రాజ్యసభ సభ్యుడయ్యెను. పార్లమెంటునకు సైకిలుపై పోవు సభ్యుడని ఢిల్లీలో పేరొందెను.

1955లో ఆంధ్రరాష్ట్ర శాసనసభకు ఎన్నికలు జరిగెను. కమ్యూనిస్టులకు నూటికి 31 వంతుల ఓట్లు వచ్చినను, 196 స్థానములలో దక్కినవి 15 మాత్రమే. గెలుపు తప్పదని తలచినవారికి అది గొప్ప దెబ్బ. గన్నవరమునుండి గెలిచిన సుందరయ్యగారు నిరాశపడక, ఆ కొలదిమందికి నాయకుడై ప్రతిపక్షమున కూర్చుండెను. సంఖ్యాబలము లేనివానికి విషయపరిజ్ఞానమే బలము. ఆయన లెక్కలు, నివేదికలు శ్రద్ధగా చదివి, నదీజలములు, సాగునీరు, భూమి, కూలీల బ్రదుకు మొదలగు విషయములను వివరముగా చర్చించెడివాడు.

ఎదిరించుట యనగా ప్రతిదానిని కాదనుట కాదు. తెలుగువారందరు ఒకే రాష్ట్రమున నుండవలెనని ఆయన 1946లోనే విశాలాంధ్రలో ప్రజారాజ్యం అను గ్రంథము వ్రాసియుండెను. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడినపుడు, ప్రత్యర్థుల ప్రభుత్వము చేతిమీదుగా జరిగినదే యైనను, దానిని ఆయన సంతోషముతో స్వాగతించెను.

1964లో పార్టీ చీలగా మార్క్సిస్టు పార్టీకి ప్రధాన కార్యదర్శియై 1976 వరకు నుండెను. 1978లో గన్నవరము ప్రజలు ఆయనను తిరిగి శాసనసభకు పంపిరి. 1985 మే 19న పరమపదించెను.

విద్యార్థులారా! ఆయన సిద్ధాంతములను అంగీకరింపనివారు పెక్కురు గలరు. అయినను, ఓడినపుడు అలుగక, తెలియక మాటాడక, మేలు ఎవరు చేసినను మెచ్చుకొనుట ఆయన జీవితమునుండి మనమెల్లరము నేర్వదగిన పాఠము.