విరూపణ్ణ గోడ మీది ఎరుపు

లేపాక్షి వెళ్ళినవాళ్ళు మామూలుగా మూడు చూసి వస్తారు. వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి లాగుతారు, నాగలింగం ముందు ఫోటో దిగుతారు, పెద్ద బసవన్న పక్కన నిలబడి తామెంత పొట్టో చూసుకుంటారు. నాలుగోది ఇంకొకటుంది. సగంలో ఆగిపోయిన కల్యాణమంటపం దగ్గర గోడ మీద రెండు మచ్చలు. గైడు అక్కడికొచ్చేసరికి గొంతు తగ్గిస్తాడు. విరూపణ్ణ కళ్ళు తగిలిన చోట్లు అవేనంటాడు.

పోయిన సెమిస్టర్ సెలవుల్లో మేం ఆరుగురం హిందూపురంలో బస్సెక్కి వెళ్ళాం. పదిహేను కిలోమీటర్లు కూడా పెద్ద దూరం కాదు గనక తీరిగ్గానే చూశాం. ఆ మచ్చల ముందు మాత్రం అరగంట తగువు పడ్డాం. అది ఏం రంగు? ఒకడు రక్తం రంగన్నాడు, ఒకడు తుప్పు రంగన్నాడు, ఒకమ్మాయి ఇటికె రంగంది. నేను ఏమీ అనలేకపోయాను. ఇంటికొచ్చాక ఆ మనిషి గురించి చదవడం మొదలుపెట్టింది అందుకే.

విరూపణ్ణది పెనుకొండ. తండ్రి నంది లక్కిసెట్టి, తల్లి ముద్దమ్మ. వీరణ్ణ ఆయన సోదరుడు. కృష్ణదేవరాయల తర్వాత 1529లో అచ్యుతదేవరాయలు విజయనగర సింహాసనం ఎక్కాడు, 1542 దాకా ఏలాడు. విరూపణ్ణ పేరు వినబడేది ఆ కాలంలోనే. జనం ఆయన్ని కోశాధికారి అంటారు, పుస్తకాలు కొన్ని పెనుకొండ సీమ అధికారి అంటాయి. ఏదైనా డబ్బు చేతిలో మెదిలే పనే. అప్పటి పెనుకొండ అంటే ఇప్పుడు మనం రైల్లో కిటికీలోంచి చూసి వదిలేసే కొండ కాదు. హంపి తర్వాత లెక్కపెట్టదగ్గ కోట అది. 1565లో తళ్ళికోట యుద్ధం ఓడాక రాజధాని వచ్చి నిలిచింది అక్కడే.

ఆ అన్నదమ్ములు లేపాక్షిలో కూర్మశైలమనే చిన్న గుట్ట మీద గుడి పెద్దది చేశారు. తాబేలు వీపులాంటి రాతిగుట్ట. వీరభద్రుడు, శివుడు, విష్ణువు ముగ్గురికీ అక్కడ చోటిచ్చారు. స్తంభాల నిండా శిల్పాలు చెక్కించారు, కప్పు నిండా బొమ్మలు వేయించారు. కిరాతార్జునీయం, పార్వతీ కల్యాణం, ద్రౌపదీ స్వయంవరం, వటపత్రశాయి. మెడ నొప్పి పుట్టేదాకా చూడొచ్చు. గర్భగుడి ముందర కప్పు మీద వీరభద్రుడి బొమ్మ ఒక్కటే దాదాపు 24 అడుగుల పొడవు. ఆ దేవుడి దగ్గరే విరూపణ్ణ, వీరణ్ణ తమ పరివారంతో నిలబడ్డ బొమ్మ కూడా ఉంది. తలమీద పొడవాటి కుళ్ళాయిలు, ఒంటి నిండా నగలు. అంటే మన కథానాయకుడు ఎలా ఉండేవాడో కొంచెమైనా చూసే వీలుంది. ఐదు వందల ఏళ్ళ కిందటి ఉద్యోగికి ఇంతకన్నా ఏం కావాలి.

ఇక కథ. రాజు ఊళ్ళో లేని రోజుల్లో విరూపణ్ణ ఖజానా డబ్బంతా గుడికి పెట్టేశాడట. కల్యాణమంటపం ఒక్కటి పూర్తి కావాలి. రాజు తిరిగొచ్చి పెట్టె ఖాళీ చూశాడు. చాడీలు చెప్పేవాళ్ళు ఎప్పుడూ సిద్ధంగానే ఉంటారు కదా. కళ్ళు పీకించమని ఆజ్ఞ అయింది. రాజభటుల చేతిలో పడేకంటే నయమని విరూపణ్ణ తన కళ్ళు తనే పెరికి గోడకేసి కొట్టాడట. మంటపం అక్కడితో ఆగిపోయింది. స్తంభాలు మిగిలాయి, కప్పు పడలేదు. లోపాక్షి అన్న మాటే లేపాక్షి అయిందని కూడా అంటారు. జటాయువుని రాముడు లే పక్షీ అన్నాడని చెప్పే కథ మీరు వినే ఉంటారు. ఒకే ఊరికి రెండు వ్యుత్పత్తులు, రెండూ కన్నీళ్ళ కథలే.

కథకి సాక్ష్యం ఏమిటి అని అడిగితే చూపించేది ఆ మచ్చల్నే. మచ్చలకి సాక్ష్యం వాటి రంగు. ఆ రంగుకి ముందు మనం పెట్టే విశేషణమే ఇక్కడ తీర్పు. నెత్తుటి ఎరుపు అంటే విరూపణ్ణ గుడ్డివాడై చనిపోయాడు. జేగురు ఎరుపు అంటే గోడకి ఎప్పుడో పూసిన ఎర్రమట్టి మిగిలింది, అంతే. ఒక మనిషి జీవితం చివరి అధ్యాయం ఒక్క మాట మీద నిలబడిందన్నమాట.

అందుకే మాటల సంగతి చూద్దాం. ఎరుపుకి మనకున్న మాటలు తక్కువేం కావు. ఎర్ర, ఎర్రని, ఎర్రటి మామూలువి. అరుణం అంటే పొద్దు పొడిచేటప్పటి ఎరుపు. పాటలం అంటే తెలుపు కలిసిన ఎరుపు. శోణం, లోహితం చూస్తే నెత్తురు గుర్తొస్తుంది. తొగరు అని పాతమాట ఒకటుంది. అది రంగు పేరూ అవుతుంది, ఏ చెట్టు వేళ్ళతో బట్టలకి ఎరుపు అద్దేవారో ఆ చెట్టు పేరూ అవుతుంది. కెంపు మనకి ముందు రత్నం, తర్వాతే రంగు. హిందూపురం దాటి నాలుగడుగులు వేస్తే కన్నడంలో కెంపు అంటే ఉత్త ఎరుపే. లేపాక్షి శాసనాలు ఎక్కువగా కన్నడంలోనే ఉన్నాయి కాబట్టి విరూపణ్ణ నోట రెండు కెంపులూ ఆడి ఉంటాయని నా ఊహ.

అన్నిటికన్నా నన్ను ఆపేసిన మాట రక్తం. సంస్కృతంలో రంజ్ అనే ధాతువుకి రంగు అద్దడం అని అర్థం. రంగు, రాగం, రంజకం అన్నీ దాని పిల్లలే. రక్తం అంటే అసలు అర్థం రంగు అద్దినది. నెత్తురుకి ఆ పేరు తర్వాత వచ్చింది. గ్రీకువాళ్ళు ఇదే పని తిరగేసి చేశారు. హెమటైట్ అనే ఇనుప రాయికి వాళ్ళ భాషలో నెత్తురు అనే మాటతో పేరు పెట్టారు. ఆ హెమటైటే జేగురులోని ఎరుపు. మేం గోడ ముందు పడిన తగువు భాషలు ఎప్పుడో పడ్డాయి!

మెటీరియల్స్ పేపర్ పాసైన ధైర్యంతో ఒక మాట చెప్తాను. నెత్తురు ఎరుపూ, ఎర్రమట్టి ఎరుపూ రెండూ ఇనుము పుణ్యమే. కానీ నెత్తురులోని ఇనుము హీమోగ్లోబిన్‌లో ఉంటుంది. ఆరితే గోధుమరంగుకి, తర్వాత నలుపుకి తిరుగుతుంది. మోకాలు చెక్కుకుపోయి నిక్కరుకి మరక అంటిన ఎవరికైనా ఇది తెలుసు. ఎర్రమట్టిలోది ఐరన్ ఆక్సైడ్, అప్పటికే ఆక్సిజన్‌తో కలిసి స్థిరపడ్డది. గుహల్లో వేల ఏళ్ళ నాటి బొమ్మలు ఇంకా ఎర్రగా ఉన్నది దానితోనే. ఎండావానా తగిలే చోట దాదాపు 490 ఏళ్ళు ఎర్రగా ఉన్న మచ్చ దేనికి దగ్గరో మీరే చెప్పండి. కప్పు బొమ్మల్లో చిత్రకారులు వాడిందీ ఎక్కువగా మట్టిరంగులే. ఎర్రమట్టి, పసుపుమట్టి, సున్నం తెలుపు, మసి నలుపు, కొంచెం పచ్చ. నీలం వెతికినా దొరకదు. ఆ రోజుల్లో ఆ గుడి ఆవరణలో జేగురుకి కరువు లేదు.

రాతలు చూసినా అంతే. లేపాక్షి శాసనాలు చెప్పేది దానాల సంగతి. గుడికి ఊళ్ళూ భూములూ ఇచ్చిన లెక్కల్లో అచ్యుతరాయల పేరూ విరూపణ్ణ పేరూ కలిసే కనిపిస్తాయి. కళ్ళ ఊసు వాటిలో లేదు. తన పేరుతో దానం చెక్కి ఉన్న గుడి మీదే రాజుకి అంత కోపం వచ్చిందంటే నాకు నమ్మబుద్ధి కాదు.

అయినా కథ పుట్టిన చోటు ఒకసారి చూడండి. నాట్యమంటపం కప్పు మీద మనునీతి చోళుడి కథ ఉంది. ఆవుదూడ చచ్చిందని కొడుకునే రథం కింద తొక్కించిన రాజు. పైన రంగుల్లో రాజధర్మం, కింద గోడ మీద రాజుగారి అన్యాయం. బొమ్మ డబ్బిచ్చి వేయించుకున్నది, మచ్చ జనం చూసుకున్నది. సగంలో ఆగిన మంటపానికి ఎవరైనా ఒక కారణం చెప్పాలి. కట్టించిన పెద్దమనిషి మీద జాలిపడ్డవాళ్ళు ఎవరో ఈ కారణం చెప్పారు. అది అబద్ధమని కొట్టేయడం నాకు ఇష్టం లేదు, కానీ ఆయన్ని అందరం గుడ్డివాడిగానే గుర్తుపెట్టుకోవడం కూడా న్యాయంగా లేదు. ఏ పచ్చ పక్కన ఏ ఎరుపు ఉండాలో అంత ఓపిగ్గా వేయించిన మనిషి. కప్పు మీద ఆయన బొమ్మకి నల్లగీత దిద్దిన రెండు కళ్ళూ ఉన్నాయి.

మాది ధర్మవరం. మగ్గం ఇల్లు. మా ఇంట్లో ఉత్త ఎరుపు అనే మాట చెల్లదు. మిరపపండు ఎరుపా, కుంకుమా, దానిమ్మ గింజా, మెరూనా, కనకాంబరమా చెప్పాలి. రాణీ కలర్ అయితే అది వేరే లెక్క. ఒకసారి ఫోన్‌లో ఫోటో చూసి రంగు అద్దిస్తే తెప్పించుకున్నవాళ్ళు ఇది మేం చెప్పిన ఎరుపు కాదన్నారు. ఆ పట్టంతా మా మీదే పడింది. పడుగు ఒక రంగు, పేక ఒక రంగు పెట్టి నేసే చీరలకైతే ఇంకా కష్టం. ఇటు తిప్పితే ఒక పేరు, అటు తిప్పితే ఇంకో పేరు. ఆ చీరల అంచుల్లో లేపాక్షి కప్పు బొమ్మల డిజైన్లు నేస్తూనే ఉన్నారు. విరూపణ్ణ పెట్టుబడి ఇంకా మా బజార్లో తిరుగుతోందని అందుకే అంటాను.

గోడ ఫోటో మా అమ్మకి చూపించాను. కథ ముందే చెప్పలేదు, రంగు మాత్రమే అడిగాను. కళ్ళజోడు పెట్టుకుని, ఫోన్ వెలుతురు తగ్గించమని, కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూసింది. పాత చింతపండు రంగంది. కొత్తది కాదు, రెండేళ్ళు కుండలో ఉన్నది. తర్వాత అది ఎక్కడి గోడని అడిగింది. చెప్పాను. కాసేపు ఊరుకుని, ఫోటోలో రంగు నమ్మకూడదని, వచ్చే కార్తీకంలో తనే వచ్చి చూస్తానంది.