భుజవ్యాధుల మర్మమెరిగిన కాడ్మన్

మానవదేహంలో భుజపు కీలుకు ఉన్నంత స్వేచ్ఛ మరి ఏ కీలుకును లేదు. నల్లబల్ల పై అంచున తేదీ వేయుటకు, జడ అల్లుకొనుటకు, వీపున ఉత్తరీయం సర్దుకొనుటకు అన్నిటికీ అదే ఆధారం. ఇన్ని దిక్కులకు తిరిగే కీలు కనుకనే దానికి వచ్చే జబ్బులను పోల్చుకొనుట కష్టం. ఇరవయ్యవ శతాబ్ది ఆరంభంలో పలువురు వైద్యులు చేయి ఎత్తలేని రోగులను వాతమనియో బెణుకనియో ఒకే గాట కట్టి పంపివేసేవారు. ఈ చిక్కుముడి విప్పుటకు సుమారు ముప్పది యేండ్లు శ్రమించినవాడు అమెరికాలోని బోస్టన్ నగర శస్త్రవైద్యుడు ఎర్నెస్ట్ ఆమరీ కాడ్మన్.

ఆయన 1869 డిసెంబరు 30వ తేదీన బోస్టన్‌లో జన్మించినాడు. హార్వర్డులో చదివి 1895లో వైద్యపట్టం పుచ్చుకొన్నాడు. విద్యార్థిగా ఉన్నప్పుడే సహపాఠి హార్వే కుషింగ్‌తో ఒక పందెం వేసినాడు. శస్త్రచికిత్సకు ముందు రోగికి ఈథరు ఇచ్చి నిద్రపుచ్చే పని ఆనాడు విద్యార్థులదే. అందులో ఎవరు నేర్పరులో తేలవలెనని ఇరువురూ రోగి నాడిని, ఊపిరిని నిమిష నిమిషానికి కాగితంపై గుర్తించసాగినారు. 1894 నాటి ఆ కాగితాలే మత్తువైద్యంలో నేడు వాడే పట్టికలకు ఆది. పందెం సంగతి ఎట్లున్నా, చేసిన పనిని వ్రాసిపెట్టి చూచుకొనే అలవాటు కాడ్మన్‌ను కడదాకా విడువలేదు.

ఆ అలవాటే ఆయనకు కష్టాలు తెచ్చిపెట్టినది. చికిత్స పొందిన ప్రతి రోగినీ ఏడాది తరువాత మరల పిలిచి, గుణమైనదా లేదా, కాకున్న తప్పు ఎవరిదని విచారించి, ఫలితాన్ని బహిరంగంగా ప్రకటించవలెనని ఆయన వాదం. మసాచుసెట్స్ జనరల్ ఆస్పత్రిలో పెద్దరికాన్ని బట్టియే పదవులు దక్కేవి. ఫలితాలు చూచి పదవులివ్వుడని కాడ్మన్ పట్టుపట్టి, చెల్లకపోగా 1914లో రాజీనామా చేసినాడు. అంతకు ముందే 1911లో సొంతంగా ఒక చిన్న ఆస్పత్రి తెరిచి ఉన్నాడు. 1916 వరకు అచ్చట చికిత్స పొందిన 337 మంది వివరాలను అచ్చువేయించి, అందులో 123 పొరపాట్లు దొర్లినవని తానే లెక్క చూపినాడు. తన తప్పులను తానే ముద్రించి పంచిపెట్టిన వైద్యులు ఏ దేశంలోనైనా ఎందరుందురు?

1915 జనవరి 6న తాను అధ్యక్షత వహించిన వైద్యుల సభలో ఆయన ఒక పెద్ద వ్యంగ్యచిత్రపు తెర తీసినాడు. బోస్టన్ ధనికులు ఉష్ట్రపక్షియై, తల ఇసుకలో దూర్చి, బంగారు గుడ్లను వెనుకకు వైద్యుల వైపు తన్నుచున్నారు. నిజం తెలిసిన తరువాత కూడా ఈ గుడ్లు దొరుకునా అని హార్వర్డు పెద్దలు ఆలోచించుచున్నారు! సభ అట్టుడికినది. అధ్యక్షపదవి పోయినది, మిత్రులు దూరమైనారు, రాబడి పడిపోయినది. చెప్పిన మాట సత్యమే. చెప్పిన తీరులో మాత్రం ఓర్పు లేదు.

1917 డిసెంబరులో కెనడాలోని హాలిఫాక్స్ రేవున మందుగుండు ఓడ ప్రేలినప్పుడు అచ్చటికి పోయి క్షతగాత్రులకు సేవ చేసినాడు. 1920లో ఎముకల క్యాన్సరు రోగుల వివరాలను ఒకచోట చేర్చే పని ఆరంభించినాడు.

అయితే ఆయన మనసు నిలిచినది భుజం మీదనే. 1906 నుండియే దానిపై వ్యాసాలు వ్రాసినాడు. భుజశిఖరం కింద ఒక చిన్న జిగురు తిత్తి, దాని అడుగున చేయి ఎత్తుటకు తోడ్పడే సన్నని స్నాయువు ఉన్నవి. ఆ స్నాయువు తెగుటయే అనేకుల బాధకు మూలమని గ్రహించి, 1909లో తెగినదానిని కుట్టి సరిచేసినాడు. భుజంలో సున్నం పేరుకొనే జబ్బులో ఆ సున్నం ఉండేది తిత్తిలో కాదు, స్నాయువులోనే అని చూపినాడు.

రోగం పోల్చుకొనే ఉపాయం వినుడు. రోగి తనంతట చేయి ఎత్తలేడు. వైద్యుడు ఎత్తినచో అది సులువుగా లేచును, వదలినంతనే జారి పడిపోవును. అట్టిచో స్నాయువు తెగినదని అనుమానించవలెను. వైద్యుడు ఎత్తినను చేయి లేవక, బయటి వైపుకు తిరుగక, దానితోపాటు రెక్క ఎముకయే కదలివచ్చినచో అది బిగుసుకొన్న భుజం. ఎక్స్‌రేలో ఏ దోషమూ కానరాదు. రోగి ఆ ప్రక్కకు ఒత్తిగిలి నిద్రింపలేడు. దీనికి ఫ్రోజెన్ షోల్డర్ అను పేరు పెట్టినవాడు కాడ్మనే. నిర్వచించుటకుగాని, నయం చేయుటకుగాని ఇది లొంగని జబ్బని ఒప్పుకొంటూనే, కాలక్రమాన చాలమందికి తగ్గునని ధైర్యం చెప్పినాడు. కారణం స్నాయువు వాపని ఆయన ఊహ. 1945లో నెవియాసర్ అను వైద్యుడు కీలు చుట్టునున్న తొడుగే దళసరియై ముడుచుకొనుచున్నదని చూపినాడు. మధుమేహం ఉన్నవారిలో ఇది ఎక్కువని నేడు తెలియును. తగ్గుటకు ఒకటి రెండేండ్లు, ఒక్కొక్కప్పుడు అంతకు మించి పట్టును. కొందరిలో కొంత బిగువు మిగిలిపోవును కూడా.

చికిత్సలో ఆయన పేరు నేటికీ ఫిజియోథెరపీ శాలలలో వినబడును. రోగి నడుము వంచి, మంచి చేతితో బల్ల పట్టుకొని, నొప్పి చేతిని ఏనుగు తొండంవలె వదులుగా వ్రేలాడవిడువవలెను. పిదప ఒడలి ఊపుతోనే చేతిని ముందు వెనుకలకు, చిన్న సున్నలుగా ఆడించవలెను. నిలుచుండి చేయి ఎత్తినచో దాని బరువంతయు బలహీనమైన స్నాయువుపై పడును. వంగినప్పుడు చేయి తనంతట దేహానికి ఎదురుగా వ్రేలాడును గనుక, కండరాలు శ్రమపడకయే కీలు కదలును. గడియారపు లోలకం ఎరిగిన బాలురకు ఇందులోని యుక్తి సులభంగా బోధపడును.

ఈ అనుభవమంతయు 1934లో "ది షోల్డర్" అను గ్రంథంగా వెలువడినది. శాస్త్రగ్రంథమే అయినను, పీఠికలో తన జీవితాన్ని, ఆస్పత్రులతో తన కలహాన్ని కూడా నిస్సంకోచంగా వ్రాసుకొన్నాడు.

1940 నవంబరు 23న చర్మ క్యాన్సరుతో కాడ్మన్ మరణించినాడు. కేంబ్రిడ్జిలోని మౌంట్ ఆబర్న్ శ్మశానవాటికలో ఆయన సమాధిపై చాలకాలం పేరుగల రాయి లేదు. శస్త్రవైద్య సంఘాలవారు పూనుకొని 2014లో అచ్చట శిల నెలకొల్పినారు.