వెండి పాదుకల కథకుడు ఫ్రాంక్ బామ్

గ్రంథకర్తకు తన గ్రంథంపై గల అధికారం ఎంతవరకు? ఆ గ్రంథం నాటకమై, చలనచిత్రమై వేరొక రూపు ధరించినప్పుడు ఆ అధికారం ఏమవుతుంది? ఈ ప్రశ్నలను గూర్చి ఆలోచించదలచినవారికి అమెరికా దేశపు బాలసాహిత్యకర్త లైమన్ ఫ్రాంక్ బామ్ జీవితం చక్కని పాఠం. ఆయన పేరు ఎరుగనివారు సైతం, ఆయన సృష్టించిన డొరొతీ అనే బాలికను, ఆమె ధరించిన కెంపు పాదుకలను వెండితెరపై చూచి ఉండవచ్చు. అయితే బామ్ తన కథలో వ్రాసినవి కెంపు పాదుకలు కావు, వెండి పాదుకలు. ఆ రంగు మార్పు వెనుక ఒక రచయిత ఆశలు, అప్పులు, హక్కుల తగవులు దాగి ఉన్నాయి.

బామ్ 1856 మే 15న న్యూయార్క్ రాష్ట్రంలోని చిట్టెనాంగోలో జన్మించాడు. చిన్ననాటి నుండి ఆయనకు నాటకాలపై మక్కువ మెండు. స్వయంగా నాటకం వ్రాసి, అందులో తానే నటించి ఊరూరా తిరిగాడు. 1882లో మాడ్ గేజ్‌ను వివాహమాడాడు. ఆమె తల్లి మెటిల్డా గేజ్ స్త్రీల ఓటుహక్కు కొరకు పోరాడిన ప్రముఖురాలు. 1888లో బామ్ డకోటా ప్రాంతంలోని అబర్డీన్‌లో దుకాణం పెట్టి నష్టపోయాడు. అక్కడే ఒక వారపత్రిక నడిపి, అందులోనూ నష్టపోయాడు. ఆ పత్రికలో అమెరికా ఆదిమవాసులను నిర్మూలించాలని ఆయన వ్రాసిన సంపాదకీయాలు ఆయన కీర్తికి మాయని మచ్చ. 1891లో షికాగో చేరి, గాజు, పింగాణీ సామాను అమ్ముతూ ఊళ్లు తిరిగాడు. ఇంట ఉన్న వేళ నలుగురు కుమారులకు కథలు చెప్పేవాడు.

ఆ కథాకథనమే 1900లో ఓజ్ మాంత్రికుని కథగా గ్రంథరూపం దాల్చింది. కాన్సస్ బాలిక డొరొతీ సుడిగాలికి ఇంటితో సహా ఎగిరి ఓజ్ దేశంలో పడుతుంది. బుద్ధిని కోరే దిష్టిబొమ్మ, హృదయాన్ని కోరే రేకు మనిషి, ధైర్యాన్ని కోరే సింహం ఆమెకు తోడవుతాయి. వారు వేడుకొనబోయిన మాంత్రికుడు చివరకు ఒట్టి గారడీవాడని తేలుతుంది. కోరినవన్నీ ఆ ముగ్గురిలో ముందే ఉన్నాయని పాఠకుడు గ్రహిస్తాడు.

ఈ గ్రంథానికి చిత్రాలు గీసినవాడు డెన్స్లో. రచనపై బామ్‌కు, చిత్రాలపై డెన్స్లోకు వేర్వేరుగా హక్కులు ఉన్నాయి. 1902లో ఆ కథ షికాగోలో సంగీతనాటకంగా ప్రదర్శితమైనప్పుడు ఈ ఏర్పాటే తగవుకు మూలమైంది. నాటక రచనలో తనకు పాలు లేకున్నా, రాబడిలో తనకూ వాటా ఉన్నదని డెన్స్లో పట్టుబట్టాడు. తుదకు స్నేహం చెడింది. నాటకం మాత్రం మరుసటి సంవత్సరం న్యూయార్క్‌లోనూ ఘనవిజయం సాధించింది. అందులో డొరొతీ కుక్కపిల్ల స్థానంలో ఆవు వచ్చింది. పడమటి దుష్టమంత్రగత్తె పాత్రే మాయమైంది. పరహస్తగతమైన కథ ఎట్లా మారగలదో బామ్ తొలిసారి చూచినది అప్పుడే.

అయినా రంగస్థలంపై ఆయనకు మోజు తగ్గలేదు. 1908లో చలనచిత్రాలు, రంగుల స్లైడులు, వాద్యబృందం కలిపి ఒక వినూత్న ప్రదర్శన సిద్ధం చేశాడు. తెల్లని దుస్తులు ధరించి తానే వేదికపై నిలిచి కథ చెప్పేవాడు. జనం మెచ్చుకొన్నారు గాని, వచ్చిన డబ్బు ఖర్చులకైనా చాలలేదు. ఆ ఏడాది డిసెంబరులోనే ప్రదర్శనలు నిలిచిపోయాయి. అప్పులు మిగిలాయి. 1911లో బామ్ దివాలా ప్రకటించాడు. తనకు పేరు తెచ్చిన ఓజ్ మాంత్రికుని కథపై వచ్చే రాబడి ఋణదాతల పాలైంది. చెట్టు నాటినవాడొకడు, పండు తిన్నవాడొకడు అన్నట్లయింది. 1910లో ఓజ్ కథలకు స్వస్తి చెప్పదలచిన రచయిత, జీవనం కొరకు 1913లో వాటినే తిరిగి ప్రారంభించవలసి వచ్చింది.

అప్పటికి ఆయన హాలీవుడ్‌లో నివాసమేర్పరచుకొన్నాడు. 1914లో మిత్రులతో కలిసి ఓజ్ ఫిల్మ్ మాన్యుఫాక్చరింగ్ కంపెనీ స్థాపించి, దానికి అధ్యక్షుడైనాడు. తన కథలను తానే తెరకెక్కించుకొంటే వాటికి అన్యాయం జరగదని తలచి ఉండవచ్చు. కాని అవి పిల్లల బొమ్మలని పెద్దలు థియేటర్లకు రాలేదు. మరుసటి ఏటికి ఆ సంస్థ నీరుగారిపోయింది. 1919 మే 6న బామ్ కన్నుమూశాడు. ఆయన వ్రాసిన 14 ఓజ్ నవలలలో చివరిది మరణానంతరం 1920లో వెలువడింది.

పిమ్మట 1925లో వచ్చిన మూకీ చిత్రానికి మూలకథతో పోలిక స్వల్పం. మరికొన్నేళ్లకు నిర్మాత గోల్డ్విన్ చిత్రహక్కులను 40,000 డాలర్లకు కొన్నాడు. 1938లో ఎం.జి.ఎం. సంస్థ వాటిని 75,000 డాలర్లకు తీసుకొన్నది. సుమారు 28 లక్షల డాలర్ల వ్యయంతో తీసిన ఆ చిత్రం 1939లో విడుదలైంది. టెక్నికలర్‌లో వెండి కంటె ఎరుపు శోభిస్తుందని పాదుకలను కెంపువి చేశారు. బామ్ కథలో ఓజ్ నిజమైన దేశం. చిత్రంలో అది డొరొతీ కన్న కల.

1956లో మొదటి గ్రంథంపై అమెరికాలో గ్రంథస్వామ్యపు గడువు తీరింది. నాటి నుండి ఆ దేశంలో వెండి పాదుకలు అందరి సొత్తు. కెంపు పాదుకలు మాత్రం చిత్రసంస్థవి. 1985లో డిస్నీ సంస్థ మరొక ఓజ్ చిత్రం తీస్తూ, ఆ ఎర్రని పాదుకలు చూపడానికి ఎం.జి.ఎం.కు రుసుము చెల్లించవలసి వచ్చింది. చిత్రంలో పాత్రలు పొందిన ప్రత్యేక రూపాలకు రక్షణ కలదని 2011లో అమెరికాలోని ఒక అప్పీలు న్యాయస్థానం తీర్పు చెప్పింది. ఆ చిత్రంపై హక్కు 2034 చివరి వరకు సాగుతుంది. బామ్ ఊహించినది లోకానికి చెందగా, ఆయన ఊహించని రంగు ఇంకా యజమాని చేతిలో ఉన్నది.

దీనినిబట్టి చలనచిత్రాన్ని తప్పుపట్టనక్కరలేదు. 1939 నాటి చిత్రమే లేకుంటే ఓజ్ పేరు ఇన్ని దేశాలకు ప్రాకి ఉండేది కాదు. రంగస్థలం కొరకు తన కథలో మార్పులకు బామ్ సైతం అంగీకరించినవాడే. కాని చిత్రాన్ని చూచి గ్రంథాన్ని ఎరిగితిమనుకోవడం పొరపాటు. ఉపాధ్యాయులు ఈ కథను తరగతిలో చెప్పేటప్పుడు డొరొతీ పాదుకలు ఏ రంగువని ఒక్క ప్రశ్న వేసి చూడవచ్చు. ఎరుపని చెప్పిన విద్యార్థి చిత్రాన్ని చూచినవాడు. వెండివని చెప్పిన విద్యార్థి బామ్‌ను చదివినవాడు.