ఓటు అడిగి ఇల్లు పోగొట్టుకున్న పత్తికూలి ఫానీ లూ హేమర్

పత్తి ఏరే వాళ్ళకు కాటా సంగతి చెప్పనక్కరలేదు. పొద్దంతా నడుం వంచి ఏరింది సాయంత్రం కాటా మీదికి వచ్చేసరికి తరిగిపోతుంది. అమెరికాలోని మిసిసిపి రాష్ట్రంలోనూ ఇదే తంతు. అక్కడి కాటాకు దూలం మీద జరిపే గుండు ఒకటి ఉండేది. ఆసాములు ఆ గుండు బరువు పెంచి పెట్టుకునేవారు. దాంతో తూస్తే పత్తి తక్కువ చూపేది. ఒక ఎస్టేటులో హాజరు, తూకం రాసే పనికి కుదిరిన నల్లజాతి ఆడమనిషి ఈ దొంగతూకం చూసి ఊరుకోలేకపోయింది. సరైన గుండు ఒకటి తన వెంట తెచ్చుకొని, ఆసామి అటు తిరిగినప్పుడు దాన్ని తగిలించి తూచేది. ఆమే ఫానీ లూ హేమర్. తర్వాత రోజుల్లో ఆ దేశాధ్యక్షుడే ఆమె మాటకు బెదిరాడు. అయినా మేము ఆమె కథ చెప్పాలంటే ఈ గుండు దగ్గరే మొదలుపెడతాం.

ఆమె 1917 అక్టోబరు 6న పుట్టింది. ఆ ఇంట 20 మంది పిల్లల్లో ఆఖరుది. అమెరికాలో బానిసత్వం 1865లో చట్టప్రకారం రద్దయింది గాని, భూమి మాత్రం పాత యజమానుల చేతిలోనే ఉండిపోయింది. విడుదలైన జనం వాళ్ళ నేలనే సగపాలుకు దున్నాలి. విత్తనం, తిండిగింజలు, బట్ట అన్నీ ఆసామి కొట్లో అప్పు. పంట చివర పద్దు చూసుకుంటే మిగిలేది మళ్ళీ అప్పే. ఆరేళ్ళ వయసులో ఆమె దారిపక్క ఆడుకుంటుంటే ఆసామి బండి ఆపి, 30 పౌన్ల పత్తి ఏరితే కొట్లో తినుబండారాలు ఇప్పిస్తానని ఆశపెట్టాడు. పిల్ల ఏరింది. తిన్నది. ఆ తిండి పేరు చెప్పి ఆమెను కూలిలోకి దింపాడన్నది పెద్దయ్యాక గాని అర్థం కాలేదు.

ఒక ఏడు పంట కలిసొచ్చి తండ్రి కాస్త నేల కౌలుకు తీసుకుని, మూడు కంచర గాడిదలు, బండి, సేద్యపు సామాను కొన్నాడు. ఒక తెల్లవాడు దాణాలో విషం కలిపాడు. మూడూ చచ్చాయి. ఆ ఇల్లు మళ్ళీ లేవలేదు. బడి చూస్తే ఏడాదికి నాలుగు నెలలే, అదీ చేలో పని లేని చలికాలంలో. పన్నెండేళ్ళకే అదీ ఆగిపోయింది. బైబిలు చదువుకుంటూ, దొరికిన కాగితమల్లా చదువుకుంటూ ఆమె అక్షరం మరిచిపోకుండా కాపాడుకుంది. తూకం రాసే పని దొరికిందీ ఆ అక్షరం వల్లనే.

1961లో చిన్న కణితి తీయించుకోవటానికి ఆసుపత్రికి వెళితే, ఆమెను అడగకుండా, ఆమెకు చెప్పకుండా గర్భసంచి తీసేశారు. ఆ రాష్ట్రంలో పేద నల్లజాతి స్త్రీలకు ఇది అరుదైన సంగతి కాదు.

1962 ఆగస్టులో రూల్‌విల్ ఊరి చర్చిలో విద్యార్థి కార్యకర్తలు మీటింగు పెట్టారు. నల్లవాళ్ళకు ఓటు హక్కు ఉందన్న మాటే ఆమె అక్కడ మొదటిసారి విన్నది. అప్పటికి ఆమెకు 44 ఏళ్ళు! చేతులెత్తమంటే ఎత్తింది. ఆగస్టు 31న 18 మంది ఒక పాత బస్సులో ఇండియనోలా వెళ్ళారు. అక్కడి గుమాస్తా రాజ్యాంగంలో ఒక ముక్క రాయించి దానికి అర్థం చెప్పమన్నాడు. పొలంలో బతికినవాళ్ళు ఏం చెబుతారు? తప్పించారు. తిరుగుదారిలో పోలీసులు బస్సు ఆపి, రంగు మరీ పసుపుగా ఉందని జరిమానా వేశారు.

ఇల్లు చేరేసరికి కబురు సిద్ధంగా ఉంది. ఆసామి వచ్చి దరఖాస్తు వెనక్కి తీసుకో, లేదా ఇల్లు వదిలి వెళ్ళు అన్నాడు. 18 ఏళ్ళు చాకిరీ చేసిన చోటు. ఆమె ఆ రాత్రే బయటికి నడిచింది. మొగుడు మాత్రం పంట ముగిసేదాకా కదలకూడదు, కదిలితే సామాను దక్కదన్నాడు. పంట ముగిసింది, అయినా సామాను దక్కలేదు. సెప్టెంబరు 10న ఆమె తలదాచుకున్న ఇంటి మీద 16 తూటాలు పేల్చారు. అదృష్టం కొద్దీ ఆ రాత్రి ఆమె అక్కడ లేదు.

1963 జూన్‌లో ఒక శిక్షణ తరగతి నుంచి తిరిగి వస్తుండగా వినోనా ఊళ్ళో అరెస్టు చేశారు. జైల్లో పోలీసులు ఇద్దరు నల్ల ఖైదీలచేత ఆమెను తోలుకర్రతో కొట్టించారు. మూత్రపిండం దెబ్బతింది, కన్ను దెబ్బతింది. బతికినన్నాళ్ళూ ఆ బాధ పోలేదు. కేసు నడిచింది, జ్యూరీ పోలీసులను వదిలేసింది. కూలివాణ్ణి కూలివాడిచేత కొట్టించటం మేము ఊళ్ళల్లో చూసినదే గనక ఇక్కడ ఎక్కువ రాయము.

1964 ఆగస్టులో అట్లాంటిక్ సిటీలో డెమోక్రాటిక్ పార్టీ మహాసభ. మిసిసిపి నుంచి అంతా తెల్లవాళ్ళే ప్రతినిధులుగా రావటం చెల్లదని ఆమె, తోటివారు వాదించారు. ఆమె జైలు సంగతి చెబుతుండగా టెలివిజన్ కెమెరాలు అటు తిప్పకుండా చేయాలని అధ్యక్షుడు జాన్సన్ హడావిడిగా విలేకరులను పిలిచాడు. ఆ రాత్రి అన్ని చానెళ్ళూ ఆమె మాటలే వేశాయి. చివరికి రెండు సీట్లు ఇస్తామన్నారు. ఆమె వాళ్ళు వద్దన్నారు. పెద్ద పెద్ద నాయకులు ఒప్పుకోమని నచ్చజెప్పినా వినలేదు. 1965లో ఓటు హక్కు చట్టం వచ్చింది.

ఇక్కడితో ఆపేసే పుస్తకాలు చాలా ఉన్నాయి. మాకు మాత్రం ఇక్కడి నుంచే ఆమె మరీ దగ్గర మనిషి అనిపిస్తుంది. ఓటు వచ్చింది, నేల రాలేదు. 1965లోనే ఆ ప్రాంతపు కూలీలు పత్తిలో కలుపు తీయటానికి పది గంటలకు 3 డాలర్లిస్తే చాలవని, గంటకు 1.25 డాలరు కావాలని సమ్మె కట్టారు. ఆసాములు యంత్రాలు, కలుపుమందులు దించారు. ఓటు రాయించుకున్నవాళ్ళను ఇళ్ళలోంచి పంపేశారు. అదే కౌంటీలో వేల ఎకరాల ఆసామి, సెనేటర్ ఈస్ట్‌లాండ్‌కు 1967లో ప్రభుత్వం నుంచి వ్యవసాయ సహాయం కింద లక్ష డాలర్ల పైచిలుకు ముట్టింది. అదే సంవత్సరం హేమర్ పెంచుకున్న కూతురు తిండి చాలక చిక్కిపోయి, లోపల రక్తస్రావమై చనిపోయింది.

ఆకలితో ఉన్నవాణ్ణి ఎవడైనా ఒక మూట గింజలతో లొంగదీస్తాడని ఆమెకు తెలుసు. 1969లో దాతల డబ్బుతో 40 ఎకరాలు కొని సహకార సేద్యం మొదలుపెట్టింది. క్రమంగా అది 600 ఎకరాలు దాటింది. బెండ, చిక్కుడు, బఠాణీ, ఆకుకూరలు జనం తినటానికి, పత్తి, సోయా అప్పు తీర్చటానికి. పందుల బ్యాంకు కూడా పెట్టారు. ఒక కుటుంబానికి చూలు పందిని ఇస్తారు. ఈనిన పిల్లల్లో కొన్నిటిని తిరిగి బ్యాంకుకిస్తే అవి మరో ఇంటికి పోతాయి. ఇళ్ళు లేనివాళ్ళకు ఇళ్ళు కట్టించారు.

ఈ సేద్యం నిలవలేదు. ఎందుకు నిలవలేదో కార్యకర్తలు చూసుకోవాలి. చందా నెలకు ఒక డాలరు. అదీ కట్టగలిగినవి ఓ 30 కుటుంబాలే. మిగిలిన 1,500 కుటుంబాలు పేరుకు సభ్యులు. బయటి విరాళాలు తగ్గాయి. వరద ఒక ఏడు, అనావృష్టి ఒక ఏడు వచ్చి పంట పోయింది. పంట పోయినా పన్ను ఆగలేదు. పైగా భారమంతా ఒక్క మనిషి నెత్తిన పడింది. ఆమె ఊరూరా తిరిగి ఉపన్యాసాలు చెప్పి తెచ్చిన డబ్బుతోనే చాలామటుకు నడిచింది. ఆమె మంచం పట్టేసరికి లెక్కలు చూసేవాళ్ళు, పని నడిపేవాళ్ళు తగినంతమంది తయారై లేరు. ఇది ఆమెను తక్కువ చేయటానికి చెప్పటం లేదు.

1976 నాటికి భూమి పన్ను బాకీల కింద పోయింది. 1977 మార్చి 14న మౌండ్ బయూ ఆసుపత్రిలో, రొమ్ము కాన్సరుతో, 59 ఏళ్ళ వయసులో ఆమె కన్నుమూసింది. రూల్‌విల్‌లో, ఆ సహకార సేద్యానికని కొన్న నేలలోనే ఆమెను పూడ్చిపెట్టారు.