షేక్ చినమౌలానా సాహెబు

స్వామి ఊరేగింపు బయలుదేరుటకు ముందు మ్రోగవలసినది సన్నాయి. పెండ్లిపందిటిలో మంగళసూత్రధారణ వేళ మ్రోగునదియు అదియే. రాయచోటి వీరభద్రస్వామి కోవెల మొదలుకొని సముద్రతీరమందలి చిన్న పల్లెల రామమందిరముల వరకు తెలుగునాట ఈ మేళము వినని చెవి లేదు. గుంటూరు, ఒంగోలు ప్రాంతములందు మాత్రము ఒక విశేషము కలదు. అచ్చట తరతరములుగా దేవాలయములలో నాదస్వరము ఊదుచు వచ్చినవారిలో పెక్కుమంది మహమ్మదీయులు. వారు ఇంట నమాజు చేసికొందురు. గుడిముందు నిలిచి త్యాగరాజకృతులు వాయింతురు. ఈ రెంటికిని పొత్తు ఎట్లు కుదిరెనని ఆ పల్లెలలో ఎవరును అడిగి యెరుగరు.

అట్టి కుటుంబములలో నొకదానియందు, ఒంగోలునకు సమీపముననున్న కరవది గ్రామమున, 1924వ సంవత్సరము మే నెల 12వ తేదీన షేక్ చినమౌలానా జన్మించెను. తండ్రి కాసిం సాహెబే ఆయనకు మొదటి గురువు. తండ్రివద్ద పాఠములు ముగిసిన పిదప చిలకలూరిపేటలో ప్రసిద్ధుడైన షేక్ ఆదం సాహెబు వద్ద ఆయన శిష్యరికము చేసెను.

నాదస్వర విద్య ఎంత కష్టమైనదో తెలియవలెనన్న ఆ వాద్యము నిర్మాణము కొంత తెలిసికొనవలెను. తమిళులు ఆచ్చా అనియు, మనవారు నారేపి అనియు పిలుచు చెట్టు కొయ్యతో దానిని చేయుదురు. రాయలసీమ మెట్ట అడవులలోను ఈ చెట్టు పెరుగును. పచ్చి కొయ్య పనికిరాదు. పాత ఇండ్ల దూలములు ఏండ్లతరబడి ఎండి గట్టిపడియుండును గనుక పనివారు వానినే వెదకి తెత్తురు. గొట్టముపై వ్రేళ్ళతో మూయుటకు ఏడు రంధ్రములుండును. క్రిందిభాగమున మరి ఐదు కలవు. శ్రుతి సరిపడునట్లు వానిలో కొన్నింటిని మైనముతో మూయుదురు.

అయినను వాద్యమునకు ప్రాణము గొట్టములో లేదు. దాని కొననుండు జీవాళిలో నున్నది. జీవాళి యనగా ఊదెడి పీక. ఒక జాతి రెల్లును కోసి, ఎండబెట్టి, ఉడికించి, రెండు పలుచని రేకులు ఒకదానిపై నొకటి వచ్చునట్లు దారముతో కట్టి దానిని సిద్ధపరతురు. ఊపిరి ఆ రేకుల నడుమ దూరినప్పుడు అవి అదరి నాదము పుట్టును. ఎండిన జీవాళి పలుకదు; కావున వాద్యగాడు ముందుగా దానిని నోట తడుపుకొనును. అట్లని మిక్కిలి తడిసినచో రేకులు రెండును అంటుకొనిపోయి గాలికి దారి మూతపడును. అప్పుడు బలవంతముగా ఊదిన బుగ్గలు నొచ్చుటయే గాని స్వరము రాదు. సన్నని దంతపు సూదిని నెమ్మదిగా దూర్చి, ఉమ్మి తడిని తొలగించి, రేకులను విడదీయవలెను. నోరు మిక్కిలి తెరచుకొన్న జీవాళి మరియొక విధముగా బాధించును. అది ఊపిరినంతయు త్రాగివేయును, ధ్వని మొరటగును. దానిని వ్రేళ్ళతో మెల్లగా ఒత్తి సరిచేసికొనవలెను. నాదస్వరమునుండి కుచ్చువలె వ్రేలాడు వస్తువులను చూచి అలంకారమనుకొనువారు కలరు. అవి మార్చుకొనుటకు ఉంచుకొన్న జీవాళులును, ఆ సూదియును. పిల్లలు ఊదుకొను మౌత్ ఆర్గానులోని లోహపు రేకు సైతము తడికిని దుమ్మునకును ఇట్లే పట్టుకొనిపోవును. కాని అది పెట్టెలోపల దాగియుండును. నాదస్వర విద్వాంసుడు వేలమంది ఎదుట, కచేరి నడుమ, తాళము తప్పకుండ ఈ పని చేయవలెను.

హార్మోనియములో మెట్టు నొక్కిన స్వరము దానంతట అదియే పలుకును. నాదస్వరమున అట్లు కాదు. వ్రేలు రంధ్రమును సగము మూసినచో నొక స్వరము, పావు మూసినచో వేరొకటి. పెదవి బిగింపు మారినను, ఊపిరి బలము మారినను స్వరము పైకో క్రిందికో జరుగును. గమకములన్నియు ఈ మూటి పొందికనుండియే రావలెను. నాలుకతో తట్టి స్వరములను విడివిడిగా పలికించుట తుత్తుకారము. ఊపిరి తెగకుండ ఒకదానినుండి వేరొకదానికి జారుట అకారము. రెండును చేతనైనవాడే రాగమును పూర్తిగా ఆలాపన చేయగలడు.

ఆ దినములలో తంజావూరు సీమయందు టి. ఎన్. రాజరత్నం పిళ్ళై అను మహావిద్వాంసుడుండెను. ఆయన 1898లో జన్మించి 1956లో పరమపదించెను. పూర్వము వాడుకలోనుండిన పొట్టి నాదస్వరము హెచ్చు శ్రుతిలో పలుకును. రాజరత్నం పిళ్ళై పొడవైన బారి నాదస్వరమును ప్రచారములోనికి తెచ్చెను. దాని నాదము గంభీరము. తోడి రాగమును ఆయన గంటలకొలది విస్తరింపగా జనులు కదలక వినెడివారట. ఆ బాణి చినమౌలానా మనస్సును దోచుకొనెను.

ఇచ్చటనే ఆయన జీవితమున కష్టమైన మలుపు వచ్చెను. తండ్రివద్దను, ఆదం సాహెబువద్దను నేర్చిన విద్య ఆయనకు ఉండనే ఉండెను. అంతటితో తృప్తిపడి స్వస్థలముననే కాలము గడపవచ్చును. ఒక పద్ధతికి అలవాటుపడిన పెదవిని, ఊపిరిని మరియొక పద్ధతికి మరల్చుట క్రొత్తగా నేర్చుటకంటె కష్టము. భాష వేరు, దేశము వేరు. అయినను ఆయన తమిళదేశమునకు పోయి, నాచ్చియార్‌కోయిల్ సోదరులైన రాజం, దురైకణ్ణు అను విద్వాంసులవద్ద తంజావూరు బాణిని శ్రద్ధతో అభ్యసించెను.

కావేరీతీరము నాదస్వరమునకు పుట్టినిల్లు వంటిది. అచ్చటి శ్రోతలు చిన్నతనమునుండి గొప్ప విద్వాంసులను విన్నవారు. తెలుగుదేశమునుండి వచ్చిన మహమ్మదీయుడొకడు వారి బాణిని వారియెదుటనే వాయించి మెప్పు పొందుట సామాన్యము కాదు. చినమౌలానా మెప్పు పొందుటయే గాక, 1960వ దశకమున శ్రీరంగమును నివాసముగా చేసికొనెను. రంగనాథుని సన్నిధి తనను పిలిచినదని ఆయన భావించెను. తన మతమును విడువలేదు. రామునియందును, రంగనాథునియందును, సరస్వతియందును భక్తిని దాచుకొననులేదు.

బిరుదులు వరుసగా వచ్చినవి. 1976లో తమిళనాడు ప్రభుత్వము కలైమామణి బిరుదమిచ్చెను. 1977లో కేంద్ర సంగీత నాటక అకాడమీ పురస్కారమును, భారత ప్రభుత్వపు పద్మశ్రీయును ఒకే యేట లభించెను. అమెరికా మొదలగు విదేశములందును ఆయన కచేరీలు చేసెను. కాని బిరుదులకంటె ఎన్నదగినది 1982లో ఆయన శ్రీరంగమున స్థాపించిన శారదా నాదస్వర సంగీతాశ్రమము. మేళపు కుటుంబములలో పిల్లలు తండ్రులవద్ద పాఠము వినుట రివాజు. ఆయన ఆ విద్యకు ఒక పాఠశాలను కల్పించెను. తాను దూరమేగి సంపాదించిన బాణిని ఇతరులకు పంచెను.

ఆంధ్రదేశమునుండియు శిష్యులు ఆయనను వెదకికొని వచ్చిరి. కర్నూలు శారదా సంగీత కళాశాలలో అభ్యసించిన షేక్ మహబూబ్ సుభానీ, ఆయన భార్య కాలీషాబీ శ్రీరంగమునకు పోయి మౌలానావద్ద శిక్షణ పొందిరి. స్త్రీలు నాదస్వరము చేపట్టుట అరుదైన కాలమున కాలీషాబీ భర్తతోపాటు వేదికపై కూర్చుండి వాయించెను. ఆ దంపతులకు 2020లో పద్మశ్రీ ప్రకటింపబడెను.

1998లో మద్రాసు సంగీత అకాడమీ చినమౌలానాను సంగీతకళానిధిగా ఎన్నుకొనెను. కర్ణాటక సంగీతమున దానికి మించిన గౌరవము లేదని విద్వాంసులు తలంతురు. అప్పటికి ఆయనకు డెబ్బది నాలుగేండ్లు. కొన్ని నెలలకే, 1999వ సంవత్సరము ఏప్రిల్ 13వ తేదీన ఆయన కన్నుమూసెను. ఆయనవద్దనే విద్య నేర్చిన మనుమలు కాసిం, బాబు ఇరువురును జంటగా నాదస్వర విద్వాంసులై ఆ బాణిని కొనసాగించిరి.